పగిలిన కాయ నీళ్లు

హలో, ఉన్నారా అండీ? ఆయ్, నేనేనండీ. ఒక్క పది నిమిషాలు తీరిక చేసుకోండి. పి.గన్నవరం దగ్గర కొబ్బరికాయలు వలిచే మనిషి ఒకడుండేవాడు, గంగయ్య అని. అతని ఒక్కరోజు సంగతి చెబుతాను. విశేషమేమీ లేని రోజే. ఇలాంటి రోజులు మన ఇళ్లల్లోనూ గడుస్తుంటాయి కాబట్టి చెప్పాలనిపించింది.

ఎండ అప్పటికి పాక చూరు కిందుగా లోపలికి వచ్చేసింది. గంగయ్య కాయను రెండు చేతులా ఎత్తి, నేలలో పాతిన ఇనుప గునపం మొన మీదికి దించి, ఒడుపుగా పక్కకు తిప్పాడు. పైనున్న పీచు డొక్క చీలింది. కాయ తిప్పి మళ్లీ దించాడు. ఈసారి మొన పెంకులోకి దిగిపోయి, నీళ్లు చిమ్మి మోచేతి మీదుగా కారాయి. అతను చుట్టూ చూడలేదు. కాయ నోటికెత్తి గటగటా తాగి, పగిలినవాటి గుట్టలోకి విసిరేశాడు. పొద్దుటినుంచి అది తొమ్మిదోది.

ఆ కొట్టులో ఒక పద్ధతుంది. గునపం దిగి పగిలిన కాయలో నీళ్లు వలిచినవాడివే. ముప్పై నాలుగేళ్లుగా అక్కడున్నా, ఈ ఏడు దాకా గంగయ్యకు ఆ పద్ధతితో పని పడలేదు. అతని చేతిలో కాయ పగిలేది కాదు. పద్దెనిమిదో ఏట తండ్రి కొబ్బరిచెట్టు మీంచి జారి నడుం విరగ్గొట్టుకుంటే, చెట్టెక్కనని తల్లికి మాటిచ్చి గునపం ముందు నిలబడ్డాడు. అప్పటినుంచీ అక్కడే ఉన్నాడు. కూతురు పుట్టిన కబురు అక్కడే విన్నాడు, తల్లి పోయిన కబురూ అక్కడే విన్నాడు. ఐనవిల్లి వినాయకుడి గుడి దగ్గర దుకాణాలకు వెళ్లే పిలక కాయలు, అంటే పైన కుచ్చులా పీచు ఉంచి వలిచేవి, ఎప్పుడూ అతని వంతే. "ఆ రాశి ముట్టుకోకండ్రా, గంగయ్యది" అనేవాడు కొట్టు యజమాని ఆదినారాయణ. అతనికి జీవితంలో దక్కిన బిరుదు అదొక్కటే.

ఇప్పుడు యాభై రెండేళ్లు. అరచేతులు డొక్కలకన్నా మొద్దుబారి ఉన్నాయి. ఏడాది కిందట భుజాల దగ్గర పిగులుతుందేమో అనిపించిన చొక్కా, ఈ ఏడాది దండెం మీద ఆరేసినట్టు వేలాడుతోంది. పొద్దెక్కేసరికి గునపం మొన చుట్టూ మసక కమ్మేది. ఒక్కోసారి రెండు మొనలు కనిపించేవి. ఏ మొన అసలుదో తేల్చుకునేలోపు కాయ పగిలేది. పగిలాక తాగేవాడు. తాగినకొద్దీ నాలుక మరింత పిడచగట్టేది. కాసేపటికి పాక వెనక్కి పరుగెత్తేవాడు.

"బాబాయ్, నీళ్ల కోసం కావాలనే పగలగొడతన్నావంటగా. ఓ బొండాం అడిగితే అయ్యగారియ్యరా ఏంటి?" పక్క గునపం దగ్గరున్న నూకరాజు నవ్వాడు. ముప్పై దాటని మనిషి, పని నేర్చింది గంగయ్య దగ్గరే.

"చెయ్యి తప్పుతోందిరా," అన్నాడు గంగయ్య.

"చెయ్యి తప్పితే మూడు తప్పుద్ది. తొమ్మిదా?"

అప్పుడే ఆదినారాయణ వచ్చాడు. పగిలిన గుట్ట వైపు చూసి, పిలక కాయల రాశి దగ్గరికి నడిచాడు.

"నూకరాజూ, ఇయ్యి నువ్వు పట్టు. చవితికి దుకాణాలవాళ్లకి అందాలి."

గంగయ్య చేతిలోని కాయ కాసేపు గాలిలోనే ఆగింది. తర్వాత దాన్ని గునపం మీదికి దించాడు. అదీ పగిలింది. ఈసారి తాగలేదు. నీళ్లు నేలలోకి ఇంకేదాకా చూస్తూ నిలబడ్డాడు.

పదిన్నరకు ఊరి నర్సు మెర్సీ సంచితో వచ్చింది. వేలు గుచ్చి, చుక్క రక్తం చిన్న మిషన్‌కు చూపించి, షుగర్ ఉందో లేదో చెబుతోంది. నలుగురైదుగురు చేయించుకున్నారు. గంగయ్య డొక్కలు సర్దుతున్నట్టు వంగి ఉండిపోయాడు.

"గంగయ్యగారూ, రండి. మీరే మిగిలేరు."

"నాకేటండీ, ఇనపగుండు."

"ఇనపగుండు ఇలా చిక్కిపోద్దా? బాగా దాహమేత్తందా మీకు?"

"కొబ్బరి కొట్టులో దాహమెయ్యనోడెవడండీ?"

"రాత్రిపూట ఎన్నిసార్లు లేత్తన్నారు?"

"తాగిన నీళ్లు పోవాలి కదండీ మరి."

"పోసినచోట చీమలు పడతన్నాయా?"

గంగయ్య నవ్వాడు. "ఇక్కడ చీమలు పట్టని జాగా ఓటి చూపించండి, అక్కడ పోసి చెప్తాను."

అందరూ నవ్వారు. నిజమే, నేలంతా కొబ్బరినీళ్లే, ఎక్కడ చూసినా చీమలే. మెర్సీ నవ్వలేదు.

"ఆ కాలికి కట్టేంటండీ?"

"పెంకు గుచ్చుకుందండి. రెండు నెలలైంది. నొప్పి లేదు. మానిపోతందండి."

"రెండు నెలల పుండు నొప్పి లేదంటే మానుతున్నట్టు కాదండి. నాకు అదే భయం. వేలియ్యండి."

గంగయ్య చెయ్యి చాపబోయాడు. నిజంగానే చాపబోయాడు. లోలోపల అతనికీ తెలుసుకోవాలనే ఉంది. సరిగ్గా అప్పుడే ఆదినారాయణ వెనకనుంచి అన్నాడు, "అందరి ముందూ చెప్పమ్మా మెర్సీ. షుగరుంటే ఇయ్యాళ్టినించీ నీళ్లు బందు చేయించేత్తాను. అప్పుడు కాయలు పగలవు."

నూకరాజు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. గంగయ్య చెయ్యి లుంగీకి తుడుచుకుని వెనక్కి తీసుకున్నాడు. షుగర్ ఉందంటే చేతగానివాడు. లేదంటే దొంగ. ఏ అంకె వచ్చినా అతనికి నిలబడే చోటు కనిపించలేదు.

"రేపు ఆస్పత్రికే వత్తానండి."

"రేపంటే రేపేనండి. పొద్దున్నే, పరగడుపున," అంది మెర్సీ. సంచి భుజాన వేసుకుని, వెళ్తూ రెండుసార్లు వెనక్కి చూసింది.

మధ్యాహ్నానికి నూకరాజు వలిచిన పిలక కాయల్లో సగం బోడిగా తేలాయి. పిలక లేని కాయ దేవుడి ముందుకు పోదు. ఆదినారాయణ తల గోక్కుంటూ గంగయ్య దగ్గరికి వచ్చాడు.

"పొద్దున్నన్న మాట మనసులో పెట్టుకోకు. ఇయ్యి నీవల్లే అవుద్ది. చవితి దాకా నాలుగు రోజులు నాగా పెట్టకూడదు మరి."

"ఆయ్, అలాగేనండి."

రేపు అన్న మాట అతనికి గుర్తుంది. నాలుగు రోజులయ్యాక వెళ్తే ఏం పోయిందనుకున్నాడు. గునపం ముందు నిలబడి కళ్లు మూసుకున్నాడు. మసక మొనతో ఇక పనిలేదు. ముప్పై నాలుగేళ్ల చేతులు దూరం కొలుచుకున్నాయి. కాయ దిగింది, తిరిగింది, డొక్క ఊడింది, పిలక నిలిచింది. సాయంత్రం దాకా ఒక్కటీ పగల్లేదు. నీళ్లు తాగాలనిపించినా ఆగాడు, ఎవరూ మళ్లీ ఆ మాట అనకూడదని. నూకరాజు పని ఆపి చూస్తూ నిలబడిపోయాడు. కాసేపటికి అతని చూపు కిందికి దిగింది.

"బాబాయ్, నీ కాలి కింద డొక్కలన్నీ రక్తం."

గంగయ్య కళ్లు తెరిచి పాదం ఎత్తాడు. పాత పుండు పక్కన కొత్త పెంకు ముక్క దిగి ఉంది. ఎప్పుడు దిగిందో తెలియదు. చీరుకుపోయిన మాంసంలోంచి దాన్ని పీకుతుంటే, ఇంకెవరి కాలిలోంచో పీకుతున్నట్టుంది.

"నొప్పి లేదురా. పని కానియ్యి," అన్నాడు.

ఇంటి దగ్గర భార్య ఇందిర కట్టు విప్పి, ముక్కు మూసుకుని, మళ్లీ దగ్గరికి వంగి చూసింది.

"వాసనొత్తంది. రేపు మెర్సీగారి దగ్గరికెళ్దాం పద."

"చవితి ఎల్లనీ. పిలక కాయలు మళ్లీ నాకే ఇచ్చేరే. ఒక్కటీ పగల్లేదు తెలుసా."

ఆ మాట చెప్పేటప్పుడు అతని మొహంలో వెలుగు చూసి ఇందిర ఊరుకుంది. ఆ ఊరుకున్నందుకు ఆమె తనను తాను ఇప్పటికీ క్షమించుకోలేదు.

చవితినాడు కాయలన్నీ ఐనవిల్లి చేరాయి. ఆ సాయంత్రం గంగయ్యకు వణుకుతో జ్వరం వచ్చింది. అమలాపురంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్తే, మిషన్‌లో అంకె కూడా రాలేదు. షుగరు అది కొలవగలిగినంత దాటిపోయిందన్నారు. చీము మోకాలి దాకా పాకింది, కాలు తియ్యాలన్నారు, తీశారు. మూడో రోజు పొద్దున్న ఇందిర టీ తెచ్చుకుని వచ్చేసరికి మంచం చుట్టూ తెర లాగి ఉంది.

ఆదినారాయణ దినానికి వచ్చి, "నీళ్ల కోసమే అనుకున్నానమ్మా," అని తల దించుకున్నాడు.

మీ ఇంట్లో ఎవరైనా ఊరికే చిక్కిపోతుంటే, ఎంత తాగినా దాహమంటుంటే, దెబ్బ తగిలినా నొప్పి లేదంటుంటే ఈ గంగయ్య సంగతి చెప్పండి. మీకు తెలిసిన నలుగురికీ పంపండి. చదవడం రానివాళ్లుంటే పక్కన కూర్చుని చదివి వినిపించండి. వేలు గుచ్చినంత నొప్పితో పోయేదానికి మనిషే పోయాడండీ.

ఆపరేషన్‌కు ముందు నర్సు కత్తిరించి, కాగితంలో చుట్టి ఇచ్చిన అతని మొలతాడును ఇందిర దినాలయ్యాక గాని విప్పి చూడలేదు. ఏటా ఊరి తీర్థం జాతరలో కొత్తది కొనుక్కునే మనిషి, ఈ ఏడు కొనలేదు. వదులైనప్పుడల్లా ఒక ముడి చొప్పున, ఎవరికీ చెప్పకుండా, ఆ నల్లతాడుకు మూడు ముడులు వేసుకున్నాడు.