బావమరిది పీపా

ఏమోయ్ కొత్తల్లుడూ, గ్లాసుని అలా గుప్పిట్లో బిగించావేం, పారిపోతుందా? మెల్లగా తాగు. దీని వెనక నా ఆరేళ్ల పగ ఉంది.

మీ అత్తగారి తమ్ముడు ఆన్సెల్మ్ తెలుసుగా? చర్చిలో బర్రెలా పాడతాడే, వాడే. మా పెద్దదాని పెళ్లి విందులో నా పసుపు వైన్ ఒక గుక్క తాగి, ఉమ్మేసి, "బావా, సలాడ్‌లోకి భేషుగ్గా ఉంటుంది!" అన్నాడు. అంటే అది వైన్ కాదు, పులిసిన వెనిగర్ అని. అందరూ నవ్వారు. మీ అత్త మరీ ఎక్కువ నవ్వింది.

ఆ రోజే అనుకున్నా, వీడి పసుపు వైన్ కూడా ఊరందరి ముందూ పరువు పోగొట్టుకోవాలని.

పట్నం వాడివి, నీకేం తెలుసు? మా జురా కొండల్లో సవాన్యాన్ ద్రాక్ష వైన్‌ని పీపాలో పోసి ఆరేళ్ల మూడు నెలలు ముట్టుకోం. తరుగుతుంటే తరగనిస్తాం. పైన తెల్లగా మీగడ కడుతుంది. ఆ వెలితి పూడ్చి మీగడ చెదరగొడితే ఇక పసుపు వైన్ లేదు, మామూలు తెల్ల వైనే.

వాడు అప్పుడే పీపా నింపి అటకెక్కించాడు. వాడి ఇల్లు చర్చి పక్కనే. నెలకో ఆదివారం ఇంట్లో మోకాలి నొప్పని చెప్పి, వాడి పెరటి నిచ్చెన ఎక్కి, జగ్గుతో పోసేవాణ్ణి. నాసిరకం పోస్తే వాసన పట్టేస్తాడని నా కొండవాలు సవాన్యాన్‌లో మేలైనదే పోశా. వాడి గొంతు వినిపిస్తున్నంతసేపూ భయం లేదు. పాట ఆగితే దిగిపోవడమే. ఆరేళ్లలో నా పీపా ఒకటి సగం ఖాళీ.

పీపాలు తెరిచే పండగ వచ్చింది. నేను ముందు వరసలో కూర్చున్నా, నవ్వడానికి. రుచి చూసే పెద్దాయన వాడి పీపాలోది ఓ గుక్క తాగి కనుబొమలు ముడిచాడు. "ఇది పసుపు వైన్ కాదు," అన్నాడు. నా కడుపు చల్లబడింది. మళ్లీ ఓ గుక్క తాగాడు. "కానీ ఇంత కమ్మటి తెల్ల వైన్ నేనింతవరకూ తాగలేదు!"

జనం గ్లాసులతో ఎగబడ్డారు. ఆన్సెల్మ్ నాకూ ఒకటి నింపి తెచ్చి చెవిలో అన్నాడు:

"కోప్పడకు బావా. మొదటి ఆదివారమే అటక మీద నీ బూట్ల బురద చూశా. నీ కొండవాలు సరుకు అడిగితే ఇస్తావా? అందుకే నిచ్చెన తియ్యలేదు. చివరి పాట రెండేసిసార్లు పాడింది కూడా నీ కోసమే. ఆ మోకాళ్లతో నువ్వు దిగొద్దూ మరి!"