ఎనక పండుకొనేది ఎవరు?

పురుటి గుడ్డలు ఉడుకుతున్న గంగాళంలో కట్టె పెట్టి తిప్పుతూ, పొగ తగలకుండా సారమ్మ మొహం పక్కకు తిప్పుకుంది. తెల్లవారుజామున పుట్టిన పిల్ల వార్డులో గుక్కపెట్టి ఏడుస్తోంది. వరండాలో మరో ఇద్దరు నిండు గర్భిణులు నడుము మీద చేతులు వేసుకుని అటూ ఇటూ తిరుగుతున్నారు.

పొట్టి మనిషి సారమ్మ. చాకిరేవు బండలాంటి ఒళ్ళు. సోడా నీళ్ళలో నాని నాని వేళ్ళ కొసలు తెల్లగా పాలిపోయాయి. ఎడమ భుజం కుడి భుజం కంటే కొంచెం కిందికి జారి ఉంటుంది. నొప్పులు పడే ఆడవాళ్ళు పట్టుకుని వేలాడింది ఆ భుజాన్నే. ఆదోనిలోని ఆ మిషన్ ఆసుపత్రికి వయసులో ఉండగా వచ్చి ఆయాగా చేరింది, తల నెరిసేదాకా ఆయాగానే ఉండిపోయింది. పల్లెల నుంచి కబురొస్తే సంచి భుజాన వేసుకుని నర్సమ్మ వెంట నడిచిపోయేది. నర్సమ్మకు తీరకపోతే తనొక్కతే పోయేది. ఈ మధ్య నడక తగ్గింది. రెండు చేలు దాటేసరికి రొమ్ములో ఏదో గట్టిగా పట్టేసినట్టవుతోంది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

బావి పక్క నుంచి జయన్న వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, చంకలో గొడుగు. ఆసుపత్రి కొనుగోళ్ళన్నీ ఆయన చేతి మీదుగానే జరుగుతాయి. వెనకాలే నూర్ బాషా. పత్తి జిన్నింగు మిల్లు లారీ ఏండ్ల తరబడి నడిపి చెవి మందగించిన డ్రైవరు. ఆసుపత్రికి కారు కొంటే దాన్ని నడిపేది అతనే.

"యాడికప్పా, ఇద్దరూ పెండ్లికొడుకుల మాదిరి తయారైనారు?" అంది సారమ్మ.

"ఎమ్మిగనూరుకు. కారు సూసేదానికి పోతాండాం" అన్నాడు జయన్న.

ఆ కారు సంగతి ఆసుపత్రిలో అందరికీ తెలిసిందే. ఎద్దుల బండ్లలో వస్తూ వస్తూ ఆడవాళ్ళు దారిలోనే ప్రాణాలు విడుస్తున్నారని దొరసాని డాక్టరమ్మ చందాలకు పూనుకుంది. చర్చి జనం ఇచ్చారు, మిల్లు కూలీలు ఇచ్చారు. పోగైనదానికి కొత్త వ్యాను రాదని తేలింది. బేబీ కారనే చిన్న కారు, అదీ పాతది అయితే వస్తుంది. ఎమ్మిగనూరు పత్తి సావుకారు ఒకాయన తన కారు అమ్ముతానని కబురు పంపాడు.

సారమ్మ కట్టెను గంగాళానికి ఆనించి, చేతులు కొంగుకు తుడుచుకుంది.

"ఉండండి. నేనూ వస్తా."

"కారు సూసేదానికి నీవెందుకు సారక్కా? ఇంజను గురించి నీకేం తెలుస్తాది?"

"ఇంజను నూరన్న సూస్తాడు. రంగు నీవు సూస్తావు. మీరిద్దరూ ముందర కూసొనేటోళ్ళే. ఎనక పండుకొనేది ఎవరు?"

జయన్న గొడుగును ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకున్నాడు. నూర్ బాషాకు సగమే వినబడింది. ఆ సగానికే నవ్వాడు.

బస్సులో ఆమె చివరి బెంచీ మీద కూర్చుంది. పత్తి దిగే రోజులు. ఆదోని మార్కెట్టుకు పోయే బండ్లు ఎదురొస్తున్నాయి. బండ్లు రాసుకుంటూ పోయిన చోటల్లా రోడ్డు పక్క తుమ్మముళ్ళకు పత్తి పీచు తెల్లగా వేలాడుతోంది. సగం దారిలో ఒక పెద్ద ఊరు వచ్చింది. బస్సు ఆ ఊరి నడివీధిలోంచే పోతుంది. సారమ్మ కళ్ళు మూసుకుంది. ఎప్పుడు ఆ దారిన పోయినా అంతే. ఆ ఊరి పేరు ఆమె నోట ఎవరూ వినలేదు.

ఆమెకు పెండ్లైన రెండో ఏడు. తొలి కాన్పు, బిడ్డ అడ్డం తిరిగింది. మొగుడు ఇస్సాకు ఎవరినో బతిమాలి బండి తెచ్చి, గడ్డి పరిచి, ఆమెను పడుకోబెట్టి ఆదోనికి తోలుకొస్తున్నాడు. ఆ నడివీధిలో అరుగుల మీది పెద్దలు బండికి అడ్డం వచ్చారు. మాలపల్లె ఆడది బండి మీద పడుకుని తమ వాకిళ్ళ ముందు పోవడమేమిటన్నారు. దిగి నడవమన్నారు, లేదా ఊరి బయటి నుంచి చుట్టు తిరిగి పొమ్మన్నారు. ఇస్సాకు తలగుడ్డ తీసి నేల మీద పరిచి మొక్కాడు. వాళ్ళు వక్కలు నములుతూ చూశారు. ఆమెను దింపి నాలుగడుగులు వేయిస్తే పడిపోయింది. మళ్ళీ ఎక్కించి బండిని ఊరి బయటికి తిప్పాడు. ముందురోజు వాన పడిన నల్లరేగడి. చక్రం ఇరుసుదాకా దిగబడింది. ఎద్దులను విప్పి, జనాన్ని పిలిచి, బండిని పైకి లాగేసరికి కడుపులో బిడ్డ కదలడం మానేసింది.

సారమ్మ బతికింది. ఇస్సాకు మరెంతో కాలం బతకలేదు. ఆమె ఇంటికి తిరిగి పోలేదు. ఆసుపత్రిలో తాను పడుకున్న మంచానికే దుప్పట్లు మార్చే పనిలో చేరింది.

ఎమ్మిగనూరులో సావుకారు ఇంటి ముందు పందిరి కింద కారు నిలబడి ఉంది. ఆకుపచ్చ రంగు, గుండ్రటి వీపు. నూర్ బాషా చొక్కా విప్పి పందిరి గుంజకు తగిలించి, కారు కిందికి దూరాడు. చక్రాలు పట్టి ఊపాడు. నూనె పుల్ల లాగి రెండు వేళ్ళ మధ్య రాసి చూశాడు. హ్యాండిలు వేసి తిప్పితే ఇంజను ఒకటి రెండు సార్లు దగ్గి అందుకుంది. చెవి సరిగా వినబడదు కనుక బానెట్టు మీద అరచేతులు ఆనించి, కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడ్డాడు.

"గుండె మంచిదే. బ్రేకులు వదులుగుండాయి. నేను బిగించుకుంటా" అన్నాడు.

అప్పటికే జయన్న ముందు సీటులో కూర్చుని, మోచేయి కిటికీ మీద పెట్టి, ఎక్కడికో పోతున్నట్టు దూరంగా చూస్తున్నాడు.

"తలుపులు రెండేనా?" అని అడిగింది సారమ్మ.

"సిన్న కారుకు అంతే. ముందర సీటు మడిసి ఎనక్కి పోవాల" అన్నాడు సావుకారు, మాట జయన్నకు చెబుతూ.

జయన్న దిగాడు. సారమ్మ సీటు మడిచి, ఒక కాలు లోపల పెట్టింది.

"ఏయ్, ఏయ్!" సావుకారు రెండడుగులు ముందుకొచ్చాడు. "ఆమెను ఎక్కొద్దని సెప్పండయ్యా. నిన్ననే తుడిపించినాను. కొనేటోళ్ళు మీరు, మీరు సూసుకోండి. ఆమెను దూరం నిలబడమనండి."

జయన్న మొహం మాడిపోయింది. ఆయనదీ మాలపల్లే. ఇస్త్రీ చొక్కా ఆయనను ఆ పందిరి దాకా రానిచ్చింది, అంతే. "సారక్కా, దిగు" అన్నాడు, నేల చూస్తూ.

సారమ్మ దిగలేదు. ఎక్కనూ లేదు. ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టుకునే తల తిప్పింది.

"సావుకారయ్యా, మీ కోడలి కాన్పుకు ఈ ఇంటికే వచ్చినాను, దొడ్డివాకిట్లో నుంచి. మీ మనవడు బూమ్మీదికి వచ్చింది ఈ సేతుల్లోకే. ఆ పొద్దు దూరం నిలబడమనల్యాదే?"

"ఆ పొద్దు అవసరం."

"ఈ కారు కొనేది గూడా ఆ అవసరానికే."

సావుకారు ఏదో అనబోయాడు. తలుపు చాటున గాజులు గలగలమన్నాయి. "ఆయమ్మను ఎక్కనీండి మామా" అంది ఒక ఆడగొంతు. మెల్లగా అంది కానీ వాకిట్లో అందరికీ వినబడింది. "నేను మర్సిపోల్యా."

సావుకారు గిరుక్కున తిరిగి చూశాడు. తలుపు దగ్గర చీర కుచ్చిళ్ళు తప్ప ఏమీ కనబడలేదు. కండువా ఒకసారి దులిపి భుజాన వేసుకున్నాడు. కారు దగ్గర నుంచి పక్కకు తప్పుకున్నాడు.

సారమ్మ లోపలికి పోయి, వెనక సీటు మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు పైకి ముడుచుకుంది.

"ఎక్కండి ఇద్దరూ. పోనీ నూరన్నా. రోడ్డు మీద గాదు, సేన్లలోకి పోనీ."

బండిబాటలో కారు ఎగిరెగిరి పడింది. ఒక గుంత దగ్గర సారమ్మ పెద్దగా మూలిగింది. జయన్న అదిరిపడి వెనక్కి తిరిగాడు.

"ఏమైంది అక్కా?"

"ఏం కాల్యా. నొప్పొచ్చినప్పుడు ఇట్ల మూలుగుతారు. ఇట్ల కాలు సాపుతారు." ఆమె మడమ జయన్న సీటును వెనక నుంచి తన్నింది. "యాడ సాపేది? నీ వీపు అడ్డముంది."

ఇంకో గుంత వచ్చింది. ఇంకో తన్ను పడింది. నూర్ బాషా కారు ఆపేశాడు.

ఆమె బయటికి రావడానికి చాలాసేపు పట్టింది. జయన్న దిగి, సీటు మడిచి, చేయి అందించాల్సి వచ్చింది. వచ్చి మడ్‌గార్డు పట్టుకుని తల వంచుకుని నిలబడింది. పై పెదవి మీద చెమట. కోపంగా ఉందనుకున్నాడు జయన్న.

"అయితే వద్దంటావా?" అన్నాడు.

"బండి మంచిదే" అంది, ఊపిరి కూడదీసుకుని. "ఆ ముందర సీటు పీకెయ్యండి."

"పీకేస్తే నేను యాడ కూసోవాల?"

"నడిసి రా. నేను ఇన్నేండ్లు నడవల్యా?"

నూర్ బాషా జయన్న కూర్చున్న సీటు కిందికి వంగి చూశాడు. "అక్క సెప్పేది సరే భాయ్. ఇది తీసేస్తే తలకాయ ఎనక పెట్టి, కాళ్ళు ముందరికి సాపొచ్చు. తలుపు తీస్తే సాలు, అట్లే ఎత్తి దించొచ్చు. బోల్టులు నాలుగే ఉండాయి."

జయన్న ఆ సీటు వంక చూస్తూ నిలబడ్డాడు. కారులో ముందు సీటులో వచ్చి ఇంటి ముందు దిగుతానని పొద్దున పెండ్లాంతో చెప్పి వచ్చాడు. కాసేపయ్యాక ఇస్త్రీ చొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు.

"పానా ఉందా బాషా?"

తిరిగి పందిరి దగ్గరికి వచ్చి, బేరం తేల్చుకుని, ఇద్దరూ కలిసి సీటు ఊడదీశారు. సావుకారు ఆశ్చర్యంగా చూశాడు. "ముందర సీటు ల్యాని కారు ఏం కారు?" అన్నాడు. సీటును ఆదోనికి పోయే పత్తిబండి మీద పంపించమన్నాడు జయన్న. ఖాళీ అయిన చోట గడ్డి కుక్కిన గోనె సంచి పరిచారు. సారమ్మ తల వెనక సీటుకు ఆనించి, కాళ్ళు ముందుకు చాపుకుని పడుకుంది. ఈసారి ఆమె పాదాలకు ఏదీ అడ్డం రాలేదు. డ్రైవరు వెనక మిగిలిన జాగాలో, ఆమె తల పక్కన, జయన్న ఒదిగి కూర్చున్నాడు.

పొద్దు వాలుతుండగా ఆ పెద్ద ఊరు వచ్చింది.

"నూరన్నా, ఈ ఊర్లో మెల్లగా పో."

కారు నడివీధిలోకి తిరిగింది. అరుగుల మీద మనుషులు కూర్చుని ఉన్నారు.

"ఈడనే నన్ను బండి దింపినారు" అంది సారమ్మ. ఆమె గొంతు మామూలుగానే ఉంది. "కడుపులో బిడ్డ ఉండంగానే. మాలోళ్ళు బండెక్కి ఈ వీధిలో పోగూడదని. ఈ పొద్దు దిగను. హారను కొట్టు."

ఇంజను చప్పుడులో నూర్ బాషాకు ఆ మాటలు అందలేదు. జయన్నకు అందాయి. ఇన్నేండ్లుగా ఆమె పక్కన పని చేస్తూ ఆ మాట వినడం అదే మొదలు. డ్రైవరు భుజం మీంచి చేయి చాపి తానే హారను మీద అరచేయి పెట్టాడు. పెట్టినవాడు తీయలేదు.

కోళ్ళు రెక్కలు కొట్టుకుంటూ గోడలెక్కాయి. కుక్కలు వెంటబడ్డాయి. ఎవరో పెద్ద ఆఫీసరు వస్తున్నాడనుకుని అరుగు మీది ఒక ముసలాయన చుట్ట పారేసి లేచి నిలబడ్డాడు. సారమ్మ ఈసారి కళ్ళు మూసుకోలేదు. పడుకునే చూసింది. చూర్లు, మిద్దెల అంచులు, వాటి మధ్య ఎర్రబడుతున్న ఆకాశం ఒకదాని వెంట ఒకటి ఆమె కాళ్ళ మీదుగా వెనక్కి పోయాయి.

ఊరి చివర జయన్న చేయి తీశాడు.

"ఏం, అప్పుడే సాలా?" అంది సారమ్మ.

ఆయన మళ్ళీ నొక్కాడు. అటూ ఇటూ పత్తిచేలు తప్ప వినేవాళ్ళెవరూ లేరు. అయినా చాలా దూరం మోగుతూనే ఉంది.

ఆ తర్వాత ఆమె మాట్లాడలేదు. ఆదోని కొండలు కనబడ్డాయి, మిల్లు గొట్టాల పొగ కనబడింది. గతుకులకు ఆమె తల పక్కకు జారుతుంటే జయన్న తన తువాలు మడిచి కింద పెట్టాడు. అది కూడా జారుతుంటే అరచేయి అడ్డం పెట్టాడు.

"మెల్లగా పోనీ బాషా" అన్నాడు అతని చెవి దగ్గర వంగి. "అక్క పండుకున్యాది."

కారు ఆసుపత్రి వాకిట్లో ఆగేసరికి అందరూ బయటికి వచ్చారు. వరండాలో నడుస్తున్న ఇద్దరు గర్భిణుల్లో ఒకామె మాత్రమే మిగిలింది. రెండో ఆమెకు మధ్యాహ్నమే మగపిల్లవాడు పుట్టాడట. ఆ మాట సారమ్మకు చెప్పాలని నర్సమ్మ ముందుగా పరుగెత్తుకొచ్చింది. నూర్ బాషా తలుపు తీసి పట్టుకున్నాడు. జయన్న ఆమె భుజం తట్టాడు, పేరు పెట్టి పిలిచాడు, మళ్ళీ పిలిచాడు. దొరసాని డాక్టరమ్మ వంగి, సారమ్మ మణికట్టు చాలాసేపు పట్టుకుని, తర్వాత ఆ చేతిని ఆమె రొమ్ము మీద మెల్లగా పెట్టింది.

ఆమెను దింపడం కష్టం కాలేదు. నడుము కింద ఒకరు, భుజాల కింద ఒకరు చేతులు పెడితే చాలింది.

సమాధుల తోట నుంచి జనం తిరిగి వచ్చిన సాయంత్రం, పత్తిబండి ఒకటి ఆసుపత్రి గేటు ముందు ఆగింది. బండివాడు సీటు దించి, ఎక్కడ పెట్టాలని అడిగాడు. కావాలంటే మళ్ళీ బిగిస్తానన్నాడు నూర్ బాషా. జయన్న వద్దన్నాడు. తానే దాన్ని మోసుకెళ్ళి పురుటి వార్డు వరండాలో గోడ వారగా పెట్టాడు. దాని మీద దారి పొడుగునా అంటుకున్న పత్తి పీచు ఉంది, నాలుగు బోల్టులు పాత గుడ్డపేలికలో మూటకట్టి ఉన్నాయి.