బోణీ వేళ అడగని మాట

మా నాన్న విద్యాసాగర్‌కు అబిడ్స్‌లో రసాయనాల దుకాణం. బోణీ చేసేవాణ్ని ఏమీ అడగకూడదు, అడిగితే వచ్చిన లక్ష్మి గుమ్మంలోంచే తిరిగిపోతుందని ఆయన పట్టుదల. అది వింటే నాకు ఒళ్లు మండుతుంది.

ఆ రోజు నేను వెళ్లేసరికే బోణీ అయిపోయింది. ఎవరో ఒకాయన అద్దకం రంగుల్లో కలిపే ద్రావకం రెండు క్యాన్లు కొని, తాండూరు బండికి టైమైందంటూ నాంపల్లి స్టేషన్‌కు వెళ్లాడట. ఏ ద్రావకమో వినగానే నాన్నను బయల్దేరదీసి, స్టేషన్‌కు ఆటో పిలిచాను. దానితో మస్టర్డ్ గ్యాస్ కూడా చేయొచ్చు. ఒళ్లంతా బొబ్బలెక్కించి, ఊపిరితిత్తులను కాల్చేసే విషం అది. కొనేదెవరో, ఎందుకో తెలియకుండా ఇవ్వొద్దని ఎన్నిసార్లు మొత్తుకున్నానో.

ఆటోలో మళ్లీ చెప్పాను. మొదటి ప్రపంచయుద్ధంలో విషవాయువుకు అంతమంది బలయ్యాక, 1925లో జెనీవాలో చాలా దేశాలు దాన్ని వాడొద్దని రాసుకున్నాయి. తయారు చేయొద్దని, దాచుకోవద్దని మాత్రం రాసుకోలేదు. ఇంకేం, దొరికినవాళ్లు దొరికినంత దాచుకున్నారు. 1988లో హలబ్జా ఊరి మీద విషవాయువు వదిలితే కుర్దు పిల్లలు ఊపిరాడక పోయాక, 1993లో గానీ తయారీని కూడా నిషేధించే ఒప్పందం మీద సంతకాలు పడలేదు. మన దేశమూ పెట్టింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే.

"గట్లాంటోడు కాదమ్మా, మొఖం చూస్తేనే తెలుస్తది," అన్నాడు నాన్న. ఆ మాట అంటూనే ఆటోవాణ్ని తొందరపెట్టాడు. నాకు కోపమూ జాలీ రెండూ కలిగాయి.

మనిషి ప్లాట్‌ఫారం మీదే దొరికాడు. పేరు పరశురాం, చీరలకు అద్దకం వేస్తాడు. గోళ్ల సందుల్లో ఇంకా నీలిరంగు ఉంది. నాన్న హమ్మయ్య అనుకున్నాడు. నాకు మాత్రం అతని కాళ్ల దగ్గర ఒక్క క్యానే కనిపించింది.

రెండోది ఏదని అడిగితే దాపరికం లేకుండా చెప్పాడు. నిన్న లాడ్జిలో పరిచయమైన ఒకాయన తనకూ ఒకటి తెమ్మన్నాడట. ఇందాకే అది తీసుకుని వేరే బండెక్కి వెళ్లిపోయాడట. ఆయన పేరు, ఊరు ఏవీ తెలియవు.

"ఎందుకని అడగలేదా?" నాన్న గొంతు లేచింది.

పరశురాం తెల్లబోయాడు. "పెద్దమనిషిని ఎందుకని ఎట్ల అడుగుతం సార్? మీరు నన్ను అడిగిన్రా?"

నాన్న లైసెన్సు పోతే పోనీ అంటూ రైల్వే పోలీసుల దగ్గరికి నడిచాడు. పరశురాం, నేను వెనకే వెళ్లాం. ఆ క్యాన్ ఇప్పుడు ఎవరి దగ్గరుందని వాళ్లు మొదట అడిగారు. మా ముగ్గురిలో ఎవరికీ తెలియదు.