అన్నం దగ్గర జారిన పేకాట మాట

కుట్టుమిషన్ మీదే ఇల్లు నెట్టుకొచ్చిన ఆమెను వీధిలో అందరూ మిషనక్క అనేవారు. ఆమె ఇంట్లో కొన్ని మాటలకు ప్రవేశం లేదు. పందెం, జోకర్, షో... ఏదీ చెవిన పడకూడదు. కారణం పోయిన భర్త. ఎదురుపడితే స్నేహితులు ఆయన్ని ‘ఆటగాడు’ అని భుజం తట్టేవారు. అటు తిరగ్గానే అదే నోటితో ‘పేకాటరాయుడు’ అనేవారు. ఆ వీధిలోనే ఉండే ప్లీడరుగారు ఆడితే మాత్రం దాని పేరు ‘క్లబ్బులో కాలక్షేపం’. బళ్ళో ప్లీడరు కూతుర్ని ప్లీడరుగారమ్మాయి అన్నారు. మిషనక్క కూతుర్ని రాయుడి పిల్ల అన్నారు.

ఆ పిల్ల పెరిగి ఆసుపత్రి మందుల కౌంటర్‌లో పనికి కుదిరింది. అక్కడ లిఫ్టులు బాగుచేసే అబ్బాయిని ఇష్టపడి, ఒక ఆదివారం భోజనానికి పిలిచింది. మనిషి నెమ్మదస్తుడు, పెట్టింది వంక పెట్టకుండా తిన్నాడు. మిషనక్కకు నచ్చాడు. కూర మారు వడ్డిస్తూ, పాత ఉద్యోగం ఎందుకు మానేశావని మామూలుగా అడిగింది.

“మేనేజరుతో పడలేదండీ. ఇక లాభం లేదని మిడిల్ డ్రాప్ అయిపోయాను.”

గరిటె గాల్లోనే ఆగిపోయింది. కూతురు మంచినీళ్ళు అందుకుంది.

“రమ్మీ ఆడతావా?” అంది మిషనక్క.

“ఆ మాట మీకు తెలుసాండీ?”

“ఆట మధ్యలో వదిలేస్తే మిడిల్ డ్రాప్. మొదట్లోనే వదిలేసినవాడికన్నా ఎక్కువ పోతుంది. ఏళ్ళ తరబడి ఆ ఆటకి టీలు కాచిన చేతులివి. నాకు తెలీదా?”

అబ్బాయి ముఖం చిన్నబోయింది. “నాయనమ్మ నేర్పిందండీ. మంచం మీదే ఉంటుంది పాపం. పొద్దుపోక ఇద్దరం ఆడుకుంటాం. డబ్బులూ గిబ్బులూ లేవు.”

“మొదట్లో ఎవరికీ ఉండవు.”

“అమ్మా!” అంది కూతురు.

“నువ్వూరుకో. వెళ్ళి కొట్లో ఒక పేక కట్ట పట్రా.”

కూతురు నోరెళ్ళబెట్టింది.

“మాటల్లో అందరూ బుద్ధిమంతులే. చేతిలో ముక్కలుండగా చూడాలి మనిషిని,” అంది తల్లి.

డబ్బుకి బదులు గుండీల డబ్బా మధ్యలో పెట్టుకుని కూర్చున్నారు. మిషనక్క ఆట చూసిందే గానీ ఏనాడూ ముక్క పట్టలేదు. అబ్బాయి మొదటి ఆట గెలిచి ఊరికే నవ్వాడు. రెండోదాంట్లో, “చెత్త ముక్కలండీ, డ్రాప్,” అని దిగులు లేకుండా కింద పడేశాడు. ఆమె కళ్ళు అతని ముఖం మీదే ఉన్నాయి. తర్వాత్తర్వాత ముక్కల మీదికి దిగాయి. గెలిచిన ముక్కలు పరిచి “షో!” అని ఆమె అరిచిన అరుపుకి వంటింట్లో కూతురు ఉలిక్కిపడింది.

కుట్టాల్సిన బట్టలు మిషన్ మీదే ఉండిపోయాయి. గదిలో వెలుతురు తగ్గినా ఎవరూ లైటు వెయ్యలేదు. అంతలో అతని ఫోను మోగింది.

“నాయనమ్మకి మందు వెయ్యాలండీ,” అని అతను ముక్కలు బోర్లించి లేచాడు.

“కూర్చోవయ్యా! ఇప్పుడే మంచి ముక్కలు పడ్డాయి. ఇంకొక్క ఆట.”

అన్నాక ఆమెకు తట్టింది. ఒకప్పుడు చంటిపిల్లను చంకనేసుకుని ఆమె గుమ్మంలో నిలబడితే, లోపల పేకాటలో ఉన్న భర్త తలెత్తకుండా అన్నది ఈ మాటే. అది తనని పంపించెయ్యడానికి ఆడే అబద్ధమని ఇన్నేళ్ళూ అనుకుంది. కాదు. అనేటప్పుడు నిజంగా ఇంకొక్క ఆటే అనిపిస్తుంది.

“ఏమీ అనుకోకండి. ఆవిడ ఎదురు చూస్తుంది,” అంటూ అతను చెప్పుల్లో కాళ్ళు దూర్చాడు.

“వెళ్ళు నాయనా, వెళ్ళు.”

అతను వెళ్ళాక కూతురు లైటు వేసి, భయంభయంగా పక్కన చేరింది. “ఏమంటావమ్మా?”

“మంచివాడే. పిలవగానే లేచాడు. వాళ్ళ నాయనమ్మని చూడ్డానికి ఎప్పుడు రమ్మంటారో అడుగు.”

పెళ్ళి ఖాయమైనట్టేనని కూతురికి అర్థమైంది. తల్లి ముక్కలు పోగుచేస్తూ, “గెలిచిన రోజున మీ నాన్న మెట్ల దగ్గర్నుంచే ఈల వేసుకుంటూ వచ్చేవాడు,” అంది.

తండ్రి గురించి తల్లి నోట తిట్టు లేని మాట కూతురు వినడం అదే మొదలు. “ఏం పాటమ్మా?” అని అడిగింది.

ఎంతసేపు ప్రయత్నించినా మిషనక్కకు ఆ పాట గుర్తురాలేదు.