శ్రావణి తలకు ఆముదం

రేఖ అంటించిన తీగ జారి కిందపడింది. ఇంకోటి అంటించింది. అదీ జారింది. మూడోది శ్రావణి చెవి మీదుగా దిగి గౌను మెడలో దూరింది. పిల్ల కితకితలకు కిలకిలా నవ్వింది.

"తలకి నూనె వద్దని రాసిచ్చాం కదమ్మా!" అంది రేఖ. విజయనగరంలోని ఆ ఆస్పత్రిలో మెదడు పరీక్షలు చేసేది ఆవిడే.

"నిన్ననే తలంటానండీ," అంటూ పిల్ల తల్లి ఝాన్సీ తన అత్తగారి వైపు తిరిగింది. అసిరమ్మ గోడ మీది క్యాలెండరును మహా శ్రద్ధగా చూస్తోంది.

"అత్తా!"

"రాసినాను. అయితే ఏటి? తలకి తీగలెడతారని నువ్వే సెప్పినావు కదా. మన లక్ష్ముడు కరెంటోడు. ట్రాన్స్‌ఫార్మర్లో నూనె ఎందుకురా అంటే, కరెంటు బయటికి దూకకుండా పిన్నీ అన్నాడు. దానికే నూనె కావాలంటే ఆరేళ్ల పిల్లకొద్దేటి? పావు సీసా ఆముదం ఇంకించినాను."

రేఖ నవ్వు ఆపుకుంది. "మేం కరెంటు పెట్టం మామ్మా. పిల్ల తలలో ఉన్న కరెంటునే చూస్తాం. అది ఉన్నట్టుండి పొంగితే మూర్ఛ వస్తుంది."

"ఓలమ్మో, ఓల్టేజీ!" అంది అసిరమ్మ. మూడేళ్లుగా డాక్టర్లు చెప్పినా తలకెక్కనిది అర నిమిషంలో ఎక్కింది.

మూడు మందులు మార్చినా ఫిట్లు ఆగలేదు. అలాంటి పిల్లలకు కొత్త మందు ఇచ్చి పరిశోధన చేస్తున్నారు. అందులో చేరాలంటే, నిద్రపోతున్న పిల్ల మెదడులోని ఆ పొంగు యంత్రం తెర మీద కనబడాలి. చేర్చుకోవడానికి ఇవాళే ఆఖరు. నిద్ర వస్తుందని పిల్లను కోడి కూయకముందే లేపి, కోటబొమ్మాళిలో రైలెక్కించారు. ఇప్పుడు పదకొండయింది. రెండు దాటితే యంత్రం ఇంకొకరిది.

అత్తా కోడళ్లు పిల్లను కొళాయి కిందికి లాక్కెళ్లారు. ఆముదం అంత తేలిగ్గా వదుల్తుందా? షాంపూ పొట్లాలు ఎనిమిది అయ్యాయి. పక్క వార్డు ముసలమ్మ శీకాయ పొడి ఇచ్చింది. నురగ మెట్లు దిగి వరండాలోకి నడిచింది. వాచ్‌మన్ చెప్పులు చేత పట్టుకుని బెంచీ ఎక్కాడు.

"కళ్లు మండతన్నాయి మామ్మా!" అని శ్రావణి ఆస్పత్రి అదిరేలా ఏడ్చింది. ఏడ్చి ఏడ్చి, తల ఆరేలోగా మామ్మ ఒళ్లోనే నిద్రపోయింది.

ఈసారి తీగలు అంటుకున్నాయి. తెర మీద గీతలు బుద్ధిగా సాగుతున్నాయి. పది నిమిషాలు. ఇరవై. ఒక్క పొంగూ లేదు. రేఖ గడియారం చూసింది. ఝాన్సీ మొహం వాడిపోయింది.

మాట్లాడొద్దన్నా అసిరమ్మ గొణగడం మొదలుపెట్టింది. "సంతలో వస్తావు. పెళ్లిలో వస్తావు. ముద్ద నోట్లో ఉండగా వస్తావు. ఈవేళ కబురెట్టి పిలిస్తే బెట్టు సేస్తావేటి? ఒక్కపాలి మొకం సూపించి పోవే!"

గీతలన్నీ ఒక్కసారిగా మొనలు తేలాయి. పిల్ల మాత్రం కదల్లేదు. రేఖ వేలెత్తి చూపించింది. ఝాన్సీ కొంగు నోట్లో కుక్కుకుంది.

"వచ్చినాదా?"

"వచ్చింది మామ్మా. మూర్ఛ దాకా పోలేదు గానీ ఇది చాలు, చేర్చుకుంటారు."

ఇంట్లో ఎవరూ ఏనాడూ రమ్మని కోరని దానికి ఝాన్సీ చేతులు జోడించింది. అసిరమ్మ మాత్రం తెర వైపు కళ్లెర్రజేసింది.

"సూసినాం. ఇంక నీ దారిన నువ్వు ఎల్లు."