తల్లాజా తలుపు

ఆఫ్రీన్ బ్లాగు మొదలుపెట్టి ఏడాది దాటినా చదివే నాథుడు లేడు. ప్రొద్దుటూరు బంగారు అంగళ్ల మీద రాసింది, గండికోట మీద రాసింది, బ్రహ్మంగారిమఠం మీద రాసింది. అన్నీ పదో తరగతి వ్యాసాల్లా బుద్ధిగా చేతులు కట్టుకుని కూర్చున్నాయి. పులివెందులలో ఉండే స్నేహితురాలు నీరజ బ్లాగేమో జనం ఎగబడి చదువుతారు. సలహా అడిగితే ఆమె ఫోన్లోనే దులిపేసింది.

"దీంట్లో నువ్వు యాడుండావు మే? గండికోట గురించి చెప్పేదానికి ఆడ బోర్డు పెట్టినారు గదా! ఎవురికీ చెప్పకుండా దాచిపెట్టుకున్నేది ఏందో, అది రాయి. మనుషులు మాట్లాడింది మాట్లాడినట్టే రాయి. పేర్లు మార్చు, ఊరు మార్చు. ఇంగేం భయం?"

ఆఫ్రీన్ దాచిపెట్టుకున్నది ఒకటే ఉంది. అదీ తనది కాదు, తల్లిది.

తల్లి సైదున్నీసా, ఆఫ్రీన్ చిన్నతనమంతా కువైట్‌లో ఒక ఇంట్లో వంటపనీ పిల్లల పనీ చేసింది. ఆ ఏళ్లన్నీ ఆఫ్రీన్‌ను జమ్మలమడుగులో మహమూదా ఖాలా సాకింది. ఖాలా అంటే తల్లికి సొంత చెల్లెలు. సైదున్నీసా తిరిగొచ్చాక తల్లీకూతుళ్లు చాలాకాలం ఒకే ఇంట్లో ఇద్దరు చుట్టాల్లా మెలిగారు. ఈమధ్యనే, మధ్యాహ్నం అన్నాలయ్యాక, తల్లి కాస్త నోరు విప్పడం మొదలుపెట్టింది. ఆ కాసేపటి కోసం ఆఫ్రీన్ పొద్దున్నుంచీ ఎదురుచూసేది. చిన్నప్పుడు దొరకని తల్లి ఇన్నాళ్లకు కొంచెం కొంచెంగా చేతికొస్తోందని ఆమె సంబరం.

ఒక మధ్యాహ్నం వెల్లుల్లి ఒలుస్తూ సైదున్నీసా చెప్పింది. "ఆ ఇంట్లో అద్నాన్ అని పిల్లోడుండె. పుట్టినప్పటి నుంచి నేనే ఎత్తుకున్యా. నేను వచ్చేసే దినం వాడు నా చెయ్యి ఇడ్సల్యా. తల్లాజా తలుపు పట్టుకోని ఏడ్సినా. ఈడికొచ్చి నిన్ను జూస్తే ఎవురి బిడ్డో అనిపిచ్చె. వాడే నా బిడ్డ అనిపిచ్చె. మీ ఖాలాకు తెలిస్తే సచ్చిపోతాది. ఎవురికీ చెప్పాకు మ్మే."

తల్లాజా అంటే వాళ్లింట్లో ఫ్రిజ్జు. ఆ మాటలకు ఆఫ్రీన్ గుండె కలుక్కుమంది. అయినా తల్లి అంత మాట తనను నమ్మి చెప్పిందన్న సంతోషమే ఎక్కువైంది.

చివరికి అదే రాసింది. మారుపేరుతో కొత్త బ్లాగు తెరిచింది. తల్లిని దిల్షాద్‌బీ చేసింది, తమ ఊరు ప్రొద్దుటూరును వేంపల్లె చేసింది, కువైట్‌ను మస్కట్ చేసింది, పిల్లాడి పేరూ మార్చింది. 'మా అమ్మ నన్ను చూసి ఎవరి బిడ్డో అనుకుంది' అని మొదలుపెట్టింది. తల్లి మాటలు మాత్రం, నీరజ చెప్పినట్టే, పొల్లుపోకుండా దించింది.

వారం తిరక్కుండానే అది జిల్లాలోని వాట్సాప్ గ్రూపులన్నీ చుట్టేసింది. ముక్కూమొహం తెలియని వాళ్లు కూడా ఏడ్చామని రాశారు. ఆఫ్రీన్ కాళ్లు నేల మీద ఆనలేదు.

ఆ సంబరంలో ఉండగానే మహమూదా ఖాలా జమ్మలమడుగు బస్సు దిగి తిన్నగా ఇంటికొచ్చింది. సైదున్నీసాకు తెలుగు చదవడం రాదు. మహమూదా అక్కకు ఎదురుగా నిలబడి, ఫోన్లో ఉన్నదంతా పైకి చదివి వినిపించింది.

"అది ఎవురిదో వేంపల్లె వాళ్లది ఖాలా," అంది ఆఫ్రీన్.

"తల్లాజా అని ఇంగెవురంటారు మ్మే? కువైట్ నుంచి వచ్చినోళ్లంతా ఈడికొచ్చినాక ఫ్రిజ్జు అనే అంటాండారు. మీ అమ్మొకతే ఇంగా అట్లంటాది. తల్లాజా సైదున్నీసా అని ఈదంతా నగతాది. నీకు తెల్దా?"

నిజంగానే తెలియదు. ఇంట్లో తురకం, తెలుగు కలిసే దొర్లుతాయి. తల్లాజా కూడా తమ తురకంలో మాటేనని ఇన్నేళ్లూ అనుకుంది. అది అరబ్బీ అని ఎవరు చెప్పారు గనక! ఊరూ పేరూ దేశమూ మార్చిన మనిషికి ఆ ఒక్క మాట మార్చాలని తట్టనే లేదు.

మహమూదా అక్క వైపు తిరిగింది. "నీ బిడ్డకు జరమొస్తే నేను మేలుకున్యా. నువ్వు ఆడ ఇంగొకరి బిడ్డ కోసం ఏడ్సినావా?"

సైదున్నీసా కాదనలేదు. చెల్లెలి చెయ్యి పట్టుకోబోయింది. మహమూదా విదిలించుకుని, మంచినీళ్లయినా ముట్టకుండా వెళ్లిపోయింది.

ఆఫ్రీన్ వెంటనే పోస్టు తీసేసింది. గ్రూపుల్లో తిరిగేదాన్ని ఎవరు ఆపగలరు? మర్నాడు నీరజ ఫోన్ చేసింది. "అంత బాగా రాసి తీసేస్తివేం మే? మీ అమ్మ ఇంగా ఏం చెప్పిందని అందరూ అడుగుతాండారు. రెండో భాగం రాయి." ఆఫ్రీన్ ఫోన్ పెట్టేసింది.

అన్నాలయ్యాక తల్లి పక్కన చేరింది. నీళ్లు సన్నగా వస్తున్నాయని, ఎండ ముదిరిందని చెప్పి సైదున్నీసా ఊరుకుంది. ఎంతసేపు చూసినా అంతే. ఆఫ్రీన్‌కు దుఃఖం ఆగలేదు.

"అమ్మీ, నన్ను తిట్టు, కొట్టు. ఇట్ల మాత్రం ఉండాకు."

"నీ మింద కోపం ల్యా మ్మే," అంది సైదున్నీసా నెమ్మదిగా. "మాట్లాడాలనే ఉంటాది. నోరు తెరిస్తే, నీ ఎనకాల శానామంది కూచోని ఇంటాండేట్టు ఉంటాది."

ఎంత మంచి మాట, రెండో భాగం దీనితో మొదలుపెడితే ఎంత బాగుంటుంది అని ఆఫ్రీన్‌కు తోచింది. అలా తోచినందుకు తన మీద తనకే రోత పుట్టి, మొహం కప్పుకుని భోరుమంది.