అత్త నోట సగం మాట

నౌపడ చుట్టుపక్కల వీధుల్లో లక్ష్మీనరసమ్మ కేక వినపడితే చాలు, ఆడవాళ్లు గిన్నెలు పట్టుకుని గుమ్మాల్లోకి వచ్చేవారు. నెత్తిన చేపల తట్టతో ఆమె వేసే కేక అంత దూరం పోయేది. అలాంటి మనిషికి 2015 వానల్లో పక్షవాతం వచ్చింది. కాలూ చెయ్యీ మెల్లగా స్వాధీనంలోకి వచ్చాయి గాని మాట రాలేదు. మంచినీళ్లు కావాలన్నా "అదే", మందు వద్దన్నా "అదే". ఎదుటివాళ్లకు అర్థం కాకపోతే చేతిలో ఉన్నది విసిరికొట్టేది.

కొడుకు గంగులు గుజరాత్‌లో, వేరావల్ బోట్ల మీద పనికి పోయాడు. ఇంట్లో అత్తా, కోడలు నీలవేణీ మిగిలారు. కాపురానికి వచ్చిన నాటినుంచి నీలవేణికి ఆ గొంతంటే హడలు. ఇప్పుడు ఆ గొంతు లేని ఇంట్లో ఇంకా భయంగా ఉంది.

శ్రీకాకుళం ఆసుపత్రిలో మాట నేర్పే అరుణశ్రీ అనే అమ్మాయి ఒక ఉపాయం చెప్పింది. కొన్ని మాటలు నోటికి జంటగా అలవాటై ఉంటాయని, మొదటిది మనం అని రెండోది ఆమెకు వదిలెయ్యమని, తొందరపెట్టొద్దని. నీలవేణి ఎన్ని జంటలు అందించినా అత్త నోరు మెదపలేదు.

ఒక సాయంత్రం వాకిట్లో చేపలు తోముతుంటే మేకలు దుమ్ము రేపుకుంటూ పోయాయి.

"మేకల..." అని ఊరికే అని ఆగింది నీలవేణి.

"మంద," అంది అత్త.

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. నీలవేణి ఆకాశంకేసి చూపించి "కొంగల..." అంది. "బారు," అని వచ్చింది. దీపాలు పెట్టేదాకా అదే ఆట. తాళాల గుత్తి వచ్చింది, మిడతల దండు వచ్చింది. కోతిమూక దగ్గర అత్త వీధిలో ఆడుతున్న పిల్లలకేసి చూసి నవ్వింది కూడా.

సంగతి వీధంతా పాకింది. వచ్చినవాళ్లల్లా ఒక మాట అందించి, రెండోదాని కోసం ఆమె నోట్లోకి చూసేవారు. పక్కింటి నారాయణమ్మ, సిలక్కి నేర్పినట్టు నేర్పీసినావే అని నీలవేణిని మెచ్చుకుంది. ఆవిడ మంచికే అంది. కాని లక్ష్మీనరసమ్మ మొహం గోడవైపు తిప్పేసుకుంది. మర్నాటినుంచి ఎవరేం అందించినా నోరు విప్పలేదు. "అదే" అనడం కూడా మానేసింది.

ఊరందరినీ పిలిచి మాట్లాడిన మనిషిని ఎవరో అందిస్తే పలికేదాన్ని చేశానని నీలవేణికి మనసు చివుక్కుమంది. ఇక అడగడం మానేసింది. చేపలు కొనడానికి పోయేటప్పుడు అత్తను కూడా ఒడ్డుకు తీసుకుపోయి, బోర్లించిన పడవ మీద కూచోబెట్టేది.

కార్తీకం వెళ్లాక ఒక పొద్దున్న వలలో పెద్దగా ఏమీ పడలేదు. పడవ యజమాని సోములూ అతని మనుషులూ వల సర్దుకుంటున్నారు. లక్ష్మీనరసమ్మ కోడలి కొంగు పట్టి లాగింది.

"సేపల..." అంది.

నీలవేణి అత్తకేసి తిరిగింది. మాట అందించడం ఎప్పుడూ తన వంతే.

"సేపల కుప్పా, అత్తా?"

అత్త తల అడ్డంగా ఊపి, సముద్రం మీదికి వేలు చాచింది. "సేపల..." మళ్లీ అంది, గట్టిగా. అలలకు అవతల నీరు ఒకచోట నల్లబడి కుతకుతలాడుతోంది. పైన పక్షులు మునిగి లేస్తున్నాయి.

"గుంపత్తా. సేపల గుంపు," అంటూనే నీలవేణి ఒడ్డు వెంట పరుగెత్తింది. అలసిపోయిన మనుషులు చూశారు, పడవ నీళ్లలోకి తోశారు. చుట్టూ వల తిప్పి వచ్చాక తాడు లాగడానికి అందరూ చేతులు వేశారు. నారాయణమ్మ కూడా కోక ఎగదోపుకుని వచ్చింది. వల నిండా కవళ్లు, వెండిలా మెరిసే చిన్న చేపలు.

సోములు దోసెడు చేపలు తెచ్చి లక్ష్మీనరసమ్మ ఒళ్లో పోశాడు. "పిన్నీ, నువ్వు సూపించకపోతే ఇవి లేవు," అన్నాడు. ఆమె ఒకటి తీసి, వేలితో మొప్ప ఎత్తి ఎరుపు చూసి, తృప్తిగా పక్కన పెట్టింది.

సాయంత్రం గంగులు ఫోన్ చేశాడు. నీలవేణి జరిగిందంతా చెప్పి ఫోన్ అత్త చెవి దగ్గర పెట్టింది. ఎప్పుడూ అతను మాట్లాడేవాడు, ఆమె వినేది. ఈసారి చాలాసేపు పెదవులు కదిపి, చివరికి అంది.

"ఒరే."

"అమ్మా?" అన్నాడు గంగులు.

"తిన్నావేట్రా?"

తిన్నానని గంగులు రెండుసార్లు చెప్పాడు. ఏం కూరని ఆమె అడగబోయి, మాట దొరక్క, వెతుక్కుంటోంది. నీలవేణి అందించలేదు. పొయ్యి మీద పులుసు అడుగంటుతున్న వాసన వస్తున్నా లేవకుండా, అత్త పక్కనే కూచుంది.